పెరటి వంటశాల

పెరటి వంటశాల అనగా ఇంటి ప్రధాన కట్టడానికి వెలుపల, ఇంటి ఆవరణలోనే, ఆరుబయట గాని పక్కలు తెరచి ఉన్న కప్పు కింద గాని వంట చేయడానికి ఏర్పరచుకొనే స్థలము. ఇందులో పొయ్యి, పాత్రలు దించుకోవడానికి గట్టు, నీటి వసతి, వంటచెరకు లేదా గ్యాసు నిల్వ చేసే చోటు ముఖ్యమైన భాగాలు. పాశ్చాత్య దేశాలలో, ముఖ్యముగా అమెరికాలో, బొగ్గుల మీద లేదా గ్యాసు మంట మీద మాంసం, కూరగాయలు కాల్చే గ్రిల్లును మధ్యలో అమర్చి చుట్టూ గట్టు కట్టిన నిర్మాణాన్ని బార్బెక్యూ ఐలాండ్ అంటారు. ఇది గోడకు ఆనకుండా నాలుగు వైపులా నడవడానికి వీలుగా ఉంటుంది కనుక ద్వీపంతో పోల్చి ఆ పేరు పెట్టారు. ఆంధ్ర దేశంలో పెరటి వంట కొత్తది కాదు. తాటాకు ఇళ్ళ కాలం నుండి పొయ్యి ఇంటికి దూరంగా ఉంచడం ఇక్కడి అలవాటు. ఈ వ్యాసం అనకాపల్లి ప్రాంతపు వాతావరణం, నేల, అలవాట్లు దృష్టిలో ఉంచుకొని పెరటి వంటశాల ప్రణాళికను వివరిస్తుంది.

పేర్లు, పదాలు

ఆరుబయట వంటకు సంబంధించి తెలుగులో చాలా పదాలు ఉన్నాయి. మూడు రాళ్ళు లేదా మట్టిగడ్డలు పేర్చి చేసే పొయ్యి అన్నిటికన్నా పాతది. నేలలో పొడవుగా గాడి తవ్వి, దాని మీద వరుసగా గుండిగలు ఎక్కించి వండేది గాడిపొయ్యి. పెళ్ళిళ్ళు, సంతర్పణలు, సమారాధనలలో వందల మందికి వంట దీని మీదనే సాగేది. పెద్ద పొయ్యి పక్కన మిగులు వేడితో నీళ్ళు కాగేటట్లు పెట్టే కుండను పొంతకుండ అంటారు. పిడకల నిప్పు మీద పాలు నెమ్మదిగా కాచే గుంట దాలిగుంట. బొగ్గులు వేసి ఎక్కడికైనా తీసుకుపోగలిగినది కుంపటి. నేటి బార్బెక్యూ గ్రిల్లు పనిలో కుంపటికి దగ్గరి బంధువు.

బార్బెక్యూ అనే మాటకు మూలం కరీబియన్ దీవులలోని టైనో జాతి వారి భాషలోనిదని, అది స్పానిష్ భాషలో బార్బకోవాగా మారి ఇంగ్లీషులోకి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. నిప్పు మీద కొయ్యలతో కట్టిన చట్రాన్ని ఆ పేరుతో పిలిచేవారు.

చరిత్ర

తాటాకు, గడ్డి కప్పిన ఇళ్ళలో ఒక్క నిప్పురవ్వ ఇంటినే కాక వీధినంతా కాల్చివేయగలదు. ఉత్తరాంధ్ర తీరంలో కనిపించే చుట్టిళ్ళు గాలివానకు తట్టుకొనే గుండ్రని ఆకారం గలవే అయినా, వాటి కప్పు నిప్పుకు లొంగిపోయేదే. అందుచేత పొయ్యిని పెరట్లో పెట్టడం గాని, వంటకు వేరే పాక వేయడం గాని రివాజు అయింది. వానాకాలంలో మాత్రం వంట లోపలికి మారేది. పొగ సమస్య కూడా దానితోపాటే లోపలికి వచ్చేది.

పండుగలతో కూడా ఆరుబయట వంటకు సంబంధం ఉంది. రథసప్తమి నాడు సూర్యునికి ఎదురుగా, వాకిట్లో పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండుతారు. కార్తీక మాసంలో ఉసిరి చెట్టు ఉన్న తోటలో వండుకొని తినడాన్ని వనభోజనాలు అంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు ప్రాంతంలో వెదురు బొంగులో మాంసం కూరి నిప్పుల మీద కాల్చే బొంగు చికెన్ పర్యాటకుల వలన ప్రసిద్ధి పొందింది. ఇందులో బొంగే పాత్ర. లోపలి తేమ ఆవిరై మాంసాన్ని ఉడికిస్తుంది.

పొగలేని పొయ్యి కోసం తెలుగు నేల మీద తొలినాళ్ళలోనే పరిశోధన జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి.రాజు మట్టితో కట్టుకోదగిన, పొగగొట్టం గల పొయ్యిని రూపొందించి, 1953లో దాని గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ఆ సంస్థ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో అది హెర్ల్ చూలా అని పేరు పొందింది. ఒకే మంట మీద వరుసగా రెండు మూడు పాత్రలు కాగడం, పొగ గొట్టం ద్వారా కప్పు పైకి పోవడం దీని సూత్రం. 1980లలో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకాన్ని దేశమంతటా నడిపింది. ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకం ద్వారా, కేంద్ర ప్రభుత్వం 2016లో ఉజ్జ్వల పథకం ద్వారా పేద కుటుంబాల మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చాయి.

అమెరికాలో పెరటి వంట రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఊరి శివారు ఇళ్ళతోపాటు పెరిగింది. 1952లో జార్జ్ స్టీఫెన్ అనే లోహపు పనివాడు సముద్రంలో వాడే బోయా గోళాన్ని రెండుగా కోసిన ఆకారంలో మూత గల గ్రిల్లును తయారు చేశాడు. మూత వలన గాలి వేగాన్ని, మంటను అదుపు చేయడం సాధ్యమైంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్ళలో ఇది మామూలు వస్తువు. అక్కడి అలవాటు ఇక్కడి కొత్త ఇళ్ళ నమూనాలలో కూడా కనిపిస్తున్నది. అయితే అక్కడి నమూనాను ఉన్నదున్నట్లు తెచ్చి ఇక్కడ కడితే గాలి, వాన, తేమ, వంట తీరు అన్నీ తేడాగా ఉండి ఇబ్బంది కలుగుతుంది.

అనకాపల్లి ప్రాంతము

అనకాపల్లి శారదా నది ఒడ్డున, విశాఖపట్నానికి పడమరగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న పట్టణము. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాకు ఇది కేంద్రము. ఇక్కడి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చెరకు మీద ఇక్కడ 1913 నుండి పరిశోధన జరుగుతున్నది. ప్రస్తుతము ఈ పరిశోధనా స్థానం ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది.

ఈ ప్రాంతంలో ఆరుబయట వంటకు అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ బెల్లం పొయ్యి. గానుగ ఆడిన చెరకు రసాన్ని వెడల్పాటి పెనంలో పోసి, సున్నం కలిపి, పైకి తేలిన మడ్డి తీసివేస్తూ కాచుతారు. పాకం సుమారు 115 నుండి 118 డిగ్రీల సెల్సియస్ వేడికి వచ్చినప్పుడు దించి దిమ్మలుగా పోస్తారు. టన్ను చెరకుకు సుమారు 100 కిలోల బెల్లం వస్తుంది. ఇంధనం బయటనుండి కొననవసరం లేదు. రసం తీసిన తరువాత మిగిలిన పిప్పినే ఎండబెట్టి మండిస్తారు.

పెరటి వంటశాల కట్టుకొనేవారికి బెల్లం పొయ్యి నుండి నేర్చుకోదగినవి ఉన్నాయి. మంట నేల మట్టానికి కింద ఉండటం వలన గాలి దానిని చెదరగొట్టదు, వేడి పెనానికే తగులుతుంది. పిప్పి ఎగదోసే నోరు ఒక వైపు, పాకం కలిపే మనిషి నిలబడే చోటు మరొక వైపు ఉంటాయి కనుక ఇద్దరూ ఒకరికొకరు అడ్డు రారు. పొగ గొట్టం ద్వారా దూరంగా పోతుంది. పైన కప్పు ఉన్నా పక్కలు తెరచి ఉంటాయి. ఎండిన పిప్పి దగ్గరలోనే ఉన్నా నిప్పుకు విడిగా ఉంటుంది. ఈ ఐదు సూత్రాలు చిన్న పెరటి పొయ్యికి కూడా వర్తిస్తాయి.

వాతావరణం

పెరటి వంటశాలను నిర్ణయించేవి ఇక్కడ గాలి, వాన, ఎండ, ఉప్పు తేమ. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాలు, అక్టోబరు నుండి ఈశాన్య ఋతుపవనాలు, వాయుగుండాలు వాన తెస్తాయి. అంటే ఏడాదిలో సుమారు సగం కాలం కప్పు లేని పొయ్యి మీద నమ్మకంగా వంట చేయడం కుదరదు. గాలి ఏడాదిలో ఎక్కువ భాగం నైరుతి నుండి, చలికాలంలో ఈశాన్యం నుండి వీస్తుంది. వేసవిలో మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి దక్షిణ, ఆగ్నేయ దిక్కుల నుండి వస్తుంది.

తుపానుల సంగతి ప్రత్యేకంగా గమనించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 170-180 కిలోమీటర్లు ఉంది. అటువంటి గాలికి బరువు లేని రేకుల కప్పు కత్తిలా ఎగిరి పక్క ఇంటివారికి ప్రాణాపాయం కలిగిస్తుంది. కప్పు వేయదలచినప్పుడు స్తంభాలకు పునాది, రేకులకు బోల్టులతో బిగింపు తప్పనిసరి. లేదా తుపాను హెచ్చరిక రాగానే విప్పి లోపల పెట్టుకొనే గుడ్డ కప్పు వేసుకోవడం మేలు.

పొగ, ఆరోగ్యము

కట్టెలు, పిడకలు, పిప్పి వంటి ఇంధనాలు పూర్తిగా కాలకపోతే సన్నని నుసి, కార్బన్ మోనాక్సైడు, ఇంకా పలు హానికర పదార్థాలు వెలువడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటి పొగ వలన ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది అకాల మరణం పొందారు. పొయ్యి ముందు ఎక్కువసేపు కూర్చొనేది స్త్రీలు, వారి ఒడిలోని పిల్లలు. కనుక నష్టం ఎక్కువగా వారికే కలుగుతున్నది. ఊపిరితిత్తుల జబ్బులు, గుండె జబ్బులు, కంటి శుక్లాలు ఈ పొగతో ముడిపడి ఉన్నాయి.

పొయ్యిని బయట పెట్టడం వలన పొగ పలచబడుతుంది గాని పోదు. పొయ్యి మీదకు వంగి ఊదుడు గొట్టంతో ఊదే మనిషి ముఖం బయట కూడా పొగలోనే ఉంటుంది. అందుచేత పెరటి వంటశాలలో కూడా పొగగొట్టం, ఎండిన కట్టె, గాలి బాగా ఆడే పొయ్యి అవసరము. మూడు రాళ్ళ పొయ్యిలో కట్టెలోని వేడిలో పదో వంతు నుండి ఏడో వంతు వరకే పాత్రకు చేరుతుంది. భారత ప్రమాణాల ప్రకారం గ్యాసు పొయ్యి సామర్థ్యం కనీసం 68 శాతం ఉండాలి. రోజువారీ అన్నం, కూర గ్యాసు మీద వండి, కాల్చే వంటలకు, పెద్ద వంటలకు మాత్రమే కట్టె లేదా బొగ్గు వాడితే ఆరోగ్యానికి, ఖర్చుకు రెండింటికీ మంచిది.

స్థల నిర్ణయము

స్థలం ఎంచుకోవడంలో మొదటి ప్రశ్న పొగ ఎటు పోతుంది అన్నది. నైరుతి గాలి పొగను ఈశాన్యానికి, ఈశాన్య గాలి నైరుతికి తీసుకుపోతుంది. కనుక ఇంటికి నైరుతి లేదా ఈశాన్య మూలలో పొయ్యి పెడితే ఏదో ఒక కాలంలో పొగ నేరుగా ఇంటిలోకి వస్తుంది. ఆగ్నేయ, వాయవ్య మూలలు ఈ రెండు గాలులకూ అడ్డంగా ఉంటాయి కాబట్టి పొగ ఇంటి పక్కగా సాగిపోతుంది. వంటకు ఆగ్నేయము, కుదరకపోతే వాయవ్యము అన్న వాస్తు సంప్రదాయం కూడా ఈ రెండు మూలలనే చెబుతుంది. వాస్తు నియమం దేశమంతటికీ ఒకటే కనుక దానికి ఈ తీరపు గాలులే కారణమని అనుకోనక్కరలేదు. కాని అనకాపల్లిలో రెండూ ఒకే చోటికి చేరుతున్నాయి.

ఈ రెండు మూలలలో కూడా వంట వేళను బట్టి తేడా ఉంది. వేసవి మధ్యాహ్నం, సాయంకాలం సముద్రపు గాలి ఆగ్నేయం నుండి వీచినప్పుడు ఆగ్నేయ మూలలోని పొగ ఇంటి మీదకు వస్తుంది. తెల్లవారుజామున భూమి నుండి సముద్రం వైపు గాలి మళ్ళినప్పుడు వాయవ్య మూలకు అదే ఇబ్బంది. కనుక ఉదయపు వంట ఎక్కువగా చేసేవారికి ఆగ్నేయము, సాయంకాలం కాల్చుకొని తినేవారికి వాయవ్యము అనుకూలము. ఇరుగు పొరుగు మేడలు గాలి దారిని మార్చివేస్తాయి. కాబట్టి కట్టడానికి ముందు రెండు మూడు రోజులు వేర్వేరు వేళలలో ఆ చోట కుంపటి వెలిగించి లేదా సాంబ్రాణి వేసి పొగ ఎటు పోతున్నదో, పక్కింటి కిటికీలోకి వెళుతున్నదేమో చూసుకోవాలి.

స్థలానికి సంబంధించి గమనించవలసిన ఇతర విషయాలు:

* పొయ్యికి, తాటాకు లేదా గడ్డి కప్పుకు, గడ్డివాముకు, ఆరవేసిన బట్టలకు మధ్య కనీసం 10 అడుగుల ఎడం ఉండాలి. గాలి వీచే వైపు ఇంకా ఎక్కువ దూరం అవసరము.
* కొబ్బరి చెట్టు కింద పొయ్యి పెట్టరాదు. ఎండిన మట్ట నిప్పులో పడవచ్చు, కాయ మనిషి మీద పడవచ్చు. వేప, మామిడి నీడ మంచిదే గాని కొమ్మలు మంటకు దూరంగా ఉండాలి.
* ఇంటి వంటగది తలుపు నుండి మరీ దూరమైతే సామాను మోయడం భారమై కొద్దికాలానికే వాడటం మానివేస్తారు. 15 నుండి 25 అడుగుల దూరం సౌకర్యంగా ఉంటుంది.
* పడమటి ఎండ వంట చేసేవారి ముఖాన పడకుండా గోడ, తడిక లేదా పాదు ఉండాలి. పాదును నిప్పు వైపు పాకనివ్వరాదు.
* మంచినీటి బావికి, మరుగుదొడ్డి గుంటకు దూరంగా ఉండాలి. కరెంటు తీగల కింద కప్పు గాని పొగగొట్టం గాని ఉండరాదు.

గట్టు, అమరిక

వంట పనిని నాలుగు భాగాలుగా చూడవచ్చు. కడగడం, తరగడం, వండటం, వడ్డించడం. ఈ నాలుగు చోట్లు అదే వరుసలో ఉంటే పచ్చి మాంసం పెట్టిన పళ్ళెం వండిన పదార్థం మీదుగా వెనుకకు రానవసరం లేదు. వేడి భాగానికి, తడి భాగానికి మధ్య కనీసం రెండు అడుగుల పొడి గట్టు ఉంచాలి.

నిలబడి వంట చేయడానికి గట్టు ఎత్తు 80 నుండి 85 సెంటీమీటర్లు, వెడల్పు 60 సెంటీమీటర్లు సాధారణము. ఎత్తును ఎక్కువగా వంట చేసేవారి మోచేతికి అరచెయ్యంత కిందుగా ఉండేటట్లు చూసుకోవడం మంచి పద్ధతి. పెద్ద గుండిగలకు మాత్రం ఈ ఎత్తు పనికిరాదు. 20 లీటర్ల చారు గిన్నెను నడుము ఎత్తు నుండి దించడం ప్రమాదకరము. అటువంటి వంటకు నేల పొయ్యి గాని అడుగు ఎత్తు గల దిమ్మె గాని వేరుగా ఉండాలి. రుబ్బురోలు, సన్నికల్లు వాడే ఇళ్ళలో వాటికి కూడా ముందే చోటు కేటాయించాలి.

ఉదాహరణకు 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల పెరట్లో రెండు చేతులుగా వంగిన గట్టు ఇలా అమర్చవచ్చు. పొడవైన చేయి 8 అడుగులు. ఇందులో తరిగే గట్టు రెండు అడుగులు, గ్యాసు పొయ్యికి రెండు అడుగులు, బొగ్గు గ్రిల్లుకు రెండున్నర అడుగులు, దించుకొనే చోటు ఒకటిన్నర అడుగులు. మూల దాటిన తరువాత పొట్టి చేయి 5 అడుగులు. ఇందులో సింకుకు రెండు అడుగులు, కడిగినవి ఆరబెట్టడానికి మూడు అడుగులు. సింకు తరిగే గట్టు వైపు మూలకు రావాలి, గ్రిల్లు రెండవ కొసలో ఉండాలి. గట్టు ముందు కనీసం 4 అడుగుల నడిచే చోటు వదలాలి. ఒకరు వంగి పని చేస్తుండగా మరొకరు వేడి గిన్నెతో వెనుకగా పోవడానికి అంత చోటు కావాలి. మిగిలిన స్థలంలో ఆరుగురు కూర్చొని భోజనం చేయవచ్చు. నాలుగు వైపులా నడిచే ద్వీపం ఆకారపు గట్టుకు దీనికన్నా ఎక్కువ స్థలం పడుతుంది. చిన్న పెరళ్ళకు అది అనుకూలం కాదు.

పొయ్యి రకాలు, ఇంధనాలు

గాడిపొయ్యిని శాశ్వతంగా కట్టనవసరం లేదు. గుండిగ అడుగు కన్నా తక్కువ వెడల్పున గాడి తవ్వి, గాలి వచ్చే దిక్కుకు నోరు ఉంచి, అంచులకు ఇటుకలు పేర్చితే చాలు. పని అయిన తరువాత నిప్పు పూర్తిగా ఆర్పి పూడ్చాలి. బూడిద పైకి చల్లగా కనిపించినా అడుగున నిప్పు మరునాటి వరకు ఉండగలదు. పిల్లలు, పశువులు కాలు పెట్టి గాయపడేది ఇటువంటి గుంటలలోనే.

బొగ్గు గ్రిల్లులో నిప్పులకు, చువ్వల జల్లెడకు మధ్య 10 నుండి 15 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. నిప్పులు కణకణలాడి పైన తెల్లని బూడిద పట్టిన తరువాతనే పదార్థం పెట్టాలి. కొవ్వు నిప్పులపై కారి మండితే వచ్చే పొగలో క్యాన్సరు కలిగించగల పదార్థాలు ఉంటాయి. నిప్పులను ఒక పక్కకు జరిపి, మాంసాన్ని మరో పక్కన ఉంచి కాల్చితే ఇవి తగ్గుతాయి. కోడి మాంసం లోపలి భాగం 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరాలి. వేసవిలో వండిన పదార్థాన్ని గంటకు మించి బయట ఉంచరాదు.

ఈ ప్రాంతపు తీరంలో విరివిగా పెంచే సరుగుడు చెట్ల కట్టె గట్టిగా, ఎక్కువసేపు మండుతుంది. కొబ్బరి చిప్పల బొగ్గు కూడా మంచిదే. కొబ్బరి డొక్కలు, తాటి మట్టలు, చెరకు పిప్పి త్వరగా మండి ఆరిపోతాయి కనుక నిప్పు రాజేయడానికి ఉపయోగపడతాయి. జీడిపిక్కల తొక్కలో ఒళ్ళు పొక్కించే నూనె ఉంటుంది. దాని పొగ కళ్ళకు, గొంతుకు హాని చేస్తుంది కాబట్టి వంటకు వాడరాదు. గన్నేరు కట్టె విషపూరితము. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్డు, ప్లాస్టిక్కు ఎట్టి పరిస్థితిలోను మండించరాదు.

నిర్మాణ సామగ్రి

మామూలు సిమెంటు వేడికి తట్టుకోదు. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత సిమెంటు కాంక్రీటు బలం తగ్గుతూ పగుళ్ళు వస్తాయి. కాబట్టి మంట తగిలే లోపలి గోడను అగ్ని ఇటుకలతో, వాటికి తగిన మట్టితో కట్టి, బయటి గోడను మామూలు ఇటుక, సిమెంటుతో కట్టాలి. రెండింటి మధ్య సన్నని ఖాళీ వదిలితే లోపలి గోడ వేడికి పెరిగినా బయటి గోడ పగలదు. తక్కువ ఖర్చుతో కావాలనుకొంటే ఊక కలిపి పదును పెట్టిన బంకమట్టి పూత వాడవచ్చు. అది పగిలినప్పుడు మళ్ళీ మెత్తుకోవచ్చు. నది లేదా చెరువు నుండి తెచ్చిన తడి రాళ్ళను నిప్పు చుట్టూ పేర్చరాదు. లోపలి నీరు ఆవిరై రాయి పేలుతుంది.

గట్టు పైభాగానికి గ్రానైటు ఎక్కువగా వాడతారు. 20 మిల్లీమీటర్ల మందం గల గ్రానైటు పలక చదరపు మీటరుకు సుమారు 54 కిలోలు ఉంటుంది. పైన చెప్పిన 13 అడుగుల గట్టుకు రాయి బరువే 130 కిలోల దాకా వస్తుంది. దీనికి గోడల బరువు కలుపుకొని పునాది వేయాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కనుక అక్కడ పునాది లోతు పెంచాలి. గ్రిల్లుకు ఆనుకొని ఉన్న చోట గ్రానైటు ఒక్కసారిగా వేడెక్కి చీలవచ్చు కాబట్టి ఆ అంచున ఇటుక ఉంచాలి.

పూడిమడక వంటి తీర గ్రామాలలో ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీద కూడా గోధుమ రంగు మచ్చలు వస్తాయి. మాలిబ్డినం కలిసిన 316 రకం ఎక్కువ కాలం మన్నుతుంది, ధర ఎక్కువ. పోత ఇనుము చువ్వలను వాడిన ప్రతిసారి కడిగి, ఆరబెట్టి, నూనె రాసి ఉంచాలి.

నీరు, మురుగు, విద్యుత్తు

సింకు నీటిని అరటి మొక్కల పాదులోకి మళ్ళించడం తెలుగు ఇళ్ళలో పాత అలవాటు. నూనె జిడ్డును ముందుగా ఒక చిన్న తొట్టిలో ఆపి, వారానికొకసారి తీసివేస్తే మట్టి రంధ్రాలు మూసుకుపోకుండా, దోమలు చేరకుండా ఉంటుంది. నేలను మీటరుకు ఒకటి లేదా రెండు సెంటీమీటర్ల వాలుతో కట్టాలి. వాలు ఇంటి వైపు ఉండరాదు. నున్నని టైల్సు తడిసినప్పుడు జారుతాయి కనుక గరుకు రాయి వేయాలి.

విద్యుత్తు స్విచ్చులు వాన తగలని డబ్బాలో, నేలకు కనీసం మూడు అడుగుల ఎత్తున ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల వద్ద కరెంటును తెంచే రక్షణ పరికరం ఈ లైనుకు తప్పక అమర్చాలి. తడి కాళ్ళతో మిక్సీ వాడే చోట ఇది ప్రాణాలు కాపాడుతుంది.

భద్రత

వంటగ్యాసు గాలి కన్నా బరువైనది. కారినప్పుడు పైకి పోక నేలమీద, గట్టు కింది అలమరలో, గుంటలలో నిలుస్తుంది. 14.2 కిలోల సిలిండరు పెట్టే అలమరకు నేల మట్టంలో రెండు ఎదురెదురు వైపులా జాలీలు ఉండాలి. పైభాగంలో మాత్రమే జాలీ పెడితే ప్రయోజనం లేదు. సిలిండరు నిలువుగా, పొయ్యి కన్నా కింది మట్టంలో ఉండాలి. బొగ్గు గ్రిల్లు కింద గాని, గాడిపొయ్యి పక్కన గాని సిలిండరు ఉంచరాదు. రబ్బరు గొట్టం ఎండకు త్వరగా పగుళ్ళిస్తుంది కనుక తరచు పరీక్షించి, గడువు తీరకముందే మార్చాలి. వాసన వచ్చినప్పుడు స్విచ్చులు తాకకుండా, రెగ్యులేటరు మూసి, 1906 నంబరుకు ఫోను చేయాలి.

వాన వచ్చిందని మండుతున్న కుంపటిని ఇంట్లోకి తేవడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదము. బొగ్గుల నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. తలుపులు మూసిన గదిలో నిద్రించేవారు మేలుకోకుండానే మరణించవచ్చు.

పొయ్యి దగ్గర ఎప్పుడూ ఒక బకెట్ ఇసుక, ఒక బకెట్ నీరు ఉంచాలి. నూనె అంటుకొంటే నీరు పోయరాదు, మూత పెట్టి మంట కట్టివేయాలి. వదులుగా జారే పైట, నైలాను బట్టలు నిప్పు దగ్గర ప్రమాదకరము, నూలు బట్టలు మేలు. కాలిన గాయాన్ని 20 నిమిషాలు చల్లని మంచినీటి ధార కింద ఉంచాలి. సిరా, పేస్టు, పసుపు వంటివి పూయరాదు. గాయం పెద్దదైతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రణాళికా క్రమము

ఇటుక పేర్చిన తరువాత మార్చడం కష్టం కనుక పెరటి వంటశాలను దశలవారీగా కట్టుకోవడం ఉత్తమము. మొదట ఎంతమందికి, నెలకు ఎన్నిసార్లు, ఏ వేళలో, ఏ రకం వంట చేస్తారో రాసుకోవాలి. తరువాత గాలి, ఎండ, వాన నీటి పారుదల గమనించాలి. నేలపై ముగ్గుతో గట్టు ఆకారం గీసి, ఖాళీ గిన్నెలతో అటు ఇటు నడిచి చూడాలి. విడి ఇటుకలతో తాత్కాలిక పొయ్యి పేర్చి ఒక వేసవి, ఒక వానాకాలం వాడి చూస్తే లోపాలు బయటపడతాయి. నీటి గొట్టాలు, మురుగు కాలువ, కరెంటు గొట్టం నేలలో వేసిన తరువాతే పునాది, గట్టు, కప్పు వరుసగా కట్టాలి. కప్పుకు దగ్గరగా ఉన్న పొగగొట్టం ఆ కప్పు కన్నా కనీసం రెండు అడుగులు ఎత్తు ఉండాలి.

ఈ పని అంతటిలో నిర్ణయాలు ఎక్కువగా ఇల్లు కట్టించేవారు, మేస్త్రీ చేస్తారు. పొయ్యి ముందు గంటల తరబడి నిలబడేవారిని అడగటం అరుదు. గట్టు ఎత్తు, నీళ్ళ దూరం, పొగ దారి వారి ఒంటికి సంబంధించిన విషయాలు. కనుక ముగ్గు గీసే నాడే వంట చేసేవారిని అక్కడ నిలబెట్టి కొలతలు తీసుకోవడం ప్రణాళికలో మొదటి మెట్టుగా భావించాలి.